మూడో రికార్డు మీద మావయ్య అభిప్రాయం

మావయ్య పోయాడని అత్తయ్య ఫోను చేసినప్పుడు నేను సౌదీలో, అల్ ఖోబర్‌లో ఆఫీసు ముగించుకుని బయటికి వస్తున్నాను. అత్తయ్య అదే దేశంలో అవతలి ఒడ్డున, యాన్బులో నర్సు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతోమందికి ఇలాంటి కబుర్లు చెప్పిన మనిషి కావడంతో గొంతు నిదానంగానే ఉంది.

"డ్యూటీ నుంచొచ్చి అన్నం తిని పడుకున్నారు నాన్నా. నేనొచ్చేసరికి నాలుగైంది. టీ పెట్టి పిలిచాను. వినపళ్ళేదేమో అనుకుని దగ్గరికెళ్ళి భుజమ్మీద చెయ్యేశాను. అప్పుడు నాడి చూశాను," అంది.

వెనక ఎవరో ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. పక్క క్వార్టర్ల నుంచి వచ్చినట్టున్నారు.

ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు, చిరాకు వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ అదే నిజం. అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు, మావయ్యా నేనూ ఒక బ్యాండు కొత్త రికార్డు గురించి ఫోనులో నలభై నిమిషాలు పోట్లాడుకున్నాం. "నువ్వు సరిగ్గా విన్లేదు. ఇంకోసారి విను. వచ్చే శుక్రవారం మాట్లాడదాం," అని ఆయనే ఫోను పెట్టేశాడు. నేను నిజంగానే మళ్ళీ విన్నాను, రెండుసార్లు. జవాబు సిద్ధం చేసుకున్నాను. ఇప్పుడు ఆ జవాబు ఎవరికి చెప్పాలి?

చిరాకు అక్కడితో ఆగలేదు. ఊరెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ ఎంట్రీ వీసా కావాలని మా ఆఫీసులో అడిగితే కఫీలు, అంటే నా స్పాన్సరు, సంతకం పెట్టాలన్నారు. ఆయన ఊళ్ళో లేడన్నారు. తర్వాత ఉన్నాడు గానీ కాగితం ఆయన బల్ల మీదికి వెళ్ళలేదన్నారు. మావయ్యను ఊరికి పంపించే కాగితాలు పూర్తి కావడానికి రెండు వారాలు పట్టింది. అన్నాళ్ళ వ్యవధిలో కూడా నా వీసా రాలేదు. అత్తయ్య ఒక్కతే ఆయన్ను పాలకొల్లు తీసుకెళ్ళింది. సమాధి చేసిన మూడో రోజున నా పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. అందుకని నేను చేయగలిగింది ఇదే మిగిలింది, ఆయన గురించి నాలుగు మాటలు రాయడం.

మా అమ్మకు ఆయన చిన్న తమ్ముడు. యాన్బులో ఒక గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను. మీటర్లు, వాల్వులు, పైపుల్లో ఒత్తిడి ఎంతుందో చెప్పే పరికరాలు, ఇవన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. నాకు యాన్బులోనే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే పని దొరికినప్పుడు మొదటి రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న ప్రయాణం ఎలా జరిగిందని కాదు.

"అల్లుడూ, నువ్వు పాటలు వింటావా, పాటలు పెట్టుకుని వేరే పని చేసుకుంటావా?"

పెట్టుకుని పని చేసుకుంటాను అన్నాను. "ఓహో," అని కారు రేడియో కట్టేశాడు.

ఆయన వినేవి ఇండీ బ్యాండ్లు. చదివేవాళ్ళలో చాలామందికి ఈ మాట కొత్త కావచ్చు, నాకూ అప్పటికి కొత్తే. పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేకుండా, నలుగురు స్నేహితులు కలిసి సొంతంగా పాటలు కట్టుకుని, దొరికిన గదిలో రికార్డు చేసుకుని, చిన్న చిన్న హాళ్ళలో వాయించుకునే బృందాలు. పాలకొల్లులో చర్చి క్వయర్‌కు గిటారు వాయించిన మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ప్లాంటు కట్టే రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు ఒకాయన కాంట్రాక్టు అయిపోయి వెళ్తూ ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఈయనకు ఇచ్చి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లు పోస్టులో సీడీలు పంపేవాడు. యాన్బు దుకాణాల్లో అరబ్బీ పాటలూ, మన సినిమా పాటలూ దొరికేవి గానీ, ఆ పెట్టెలో ఉన్నటువంటివి ఎక్కడా దొరికేవి కావు.

బ్యాండ్ల అసలు పేర్లు ఆయన నోటంట ఎప్పుడూ వినలేదు. అన్నిటికీ సొంత పేర్లు పెట్టుకున్నాడు. ఒక రికార్డులో పాట మధ్యలో కిటికీ తలుపు టప్పున కొట్టుకున్న చప్పుడు ఉంటుంది. వాళ్ళు కిటికీ బ్యాండు. పాడేవాడి మాట ఒక్కటీ స్పష్టంగా వినపడని ఇంకో బ్యాండు నసుగుడు బ్యాండు. అన్నిటికంటే ప్రాణమైనవాళ్ళు రేవోళ్ళు. ముగ్గురు మగవాళ్ళు, ఒక అమ్మాయి. వాళ్ళది కూడా యాన్బులాగే ఓడలొచ్చే ఊరట, అందుకని ఆ పేరు.

పాట వినడం ఆయన నాకు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడు. మొదటిసారి డ్రమ్ములు మాత్రమే వినాలి. రెండోసారి బేస్ గిటారు. పాడే మనిషిని ఆఖర్న వినాలి. వింటున్నప్పుడు పల్లీలు తినకూడదు. డ్రమ్ముల పక్కన స్టాండు మీద ఉండే ఇత్తడి సింబల్స్‌ను ఆయన పళ్ళేలు అనేవాడు. "ఆ పళ్ళేల మోత ఎలా సాగుతుందో చూడు. వాయించినవాడు ఆ రోజు ఏ మూడ్‌లో ఉన్నాడో తెలిసిపోద్ది," అనేవాడు. నెల తిరిగేసరికి నాకు ఇంట్లో కుళాయి కారే చప్పుడు కూడా వేరేగా వినపడటం మొదలైంది. ఆ చెవి నాకు ఆయన పెట్టిన భిక్ష. అందులో సందేహం లేదు.

సందేహమల్లా ఆయన అభిప్రాయాల మీద. ప్రతి బ్యాండుకూ మొదటి రికార్డు బాగుంటుంది, రెండోది పరవాలేదు, మూడోదానికి చెడిపోతారు. ఇది ఆయన సిద్ధాంతం. గీతల నోటుబుక్కులో ఒక్కో రికార్డుకు ఒక్కో పేజీ కేటాయించి తీర్పులు రాసేవాడు. కిటికీ బ్యాండు కీబోర్డు పెట్టుకుంది కాబట్టి వాళ్ళతో మాటల్లేవు. నసుగుడు బ్యాండు గాయకుడు ఉన్నట్టుండి స్పష్టంగా పాడటం మొదలెట్టాడు కాబట్టి వాడికి పొగరు. "మొదట్లో వీళ్ళు మనతో మాట్లాడినట్టు పాడారు. ఇప్పుడు మైకు ముందు నించుని ప్రసంగం చేస్తున్నారు," అనేవాడు.

"మనుషులన్నాక మారరా మావయ్యా? ఎన్నాళ్ళని అదే వాయిస్తారు?" అనేవాణ్ణి.

"మారమను. ఎవరొద్దన్నారు? ఎందుకు మారారో పాటలో తెలియాలి కదరా. ఊరికే మారితే ఎలాగ?"

భోజనానికి పిలిచినవాళ్ళు కూడా ఈ చర్చలో ఇరుక్కునేవారు. అత్తయ్య ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సులు పులిహోర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహాలు వేసుకుని వినేవారు. "మీకు నచ్చకపోతే కట్టెయ్యండి. వాళ్ళనెందుకు తిట్టటం," అనేది అత్తయ్య. ఆమె మాటే సబబని నాకూ అనిపించేది. నచ్చని రికార్డును పదిసార్లు విని, పదకొండోసారి కూడా తిట్టే మనిషితో ఒకే ఇంట్లో ఉండటం తేలిక కాదు.

రేవోళ్ళ మూడో రికార్డు వచ్చింది నేను వాళ్ళింట్లో ఉన్న రెండో ఏడు. ఇన్‌స్పెక్టరు పంపిన కవరు చించి, స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని మరీ విన్నాడు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఆ వారం అంతా విన్నాడు. వారం చివర కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టాడు. ఇంటర్నెట్ కార్డు మీది నంబరు గీకి, ఫోను లైను కలవడానికి పది నిమిషాలు ఎదురుచూసే రోజులవి. సీడీ అట్ట వెనక ఆ బ్యాండు ఈమెయిలు ఉంది.

"రాయి," అన్నాడు. "మీ మొదటి రికార్డు నాకు కంఠతా వచ్చు. మూడోది దుప్పటి కప్పుకుని వాయించినట్టుంది. పళ్ళేలేవి? మీ డ్రమ్ములాయన చేతులు ఎవరు కట్టేశారు? ఆ వయొలిన్లెందుకు, పెళ్ళి భోజనాల దగ్గర వాయించుకోడానికా?"

నేను ఇంగ్లీషులో కాస్త మెత్తగా రాశాను. మేం మీ అభిమానులం, మీ కొత్త ప్రయత్నం గురించి ఒక చిన్న సందేహం, అంటూ. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర మీద అక్షరం అక్షరం చదివాడు.

"ఇందులో దుప్పటేదిరా?"

"మర్యాదగా ఉండదు మావయ్యా."

"మర్యాద సంగతి కాదు. వాళ్ళకి అర్థం కావాలి కదా. దుప్పటి పెట్టు."

పెట్టాను. ఆరు వారాల తర్వాత జవాబు వచ్చింది. డ్రమ్ములు వాయించే ఆయనే స్వయంగా రాశాడు. యాన్బు ఎక్కడుందో మ్యాపులో వెతుక్కున్నామని, అంత దూరాన తమ పాట వినే మనిషి ఉన్నాడని తెలిసి నలుగురమూ సంతోషించామని రాశాడు. వయొలిన్ల గురించి తమలో తమకే గొడవ జరిగిందట. "కానీ సింబల్స్ విషయం నాకు అర్థం కాలేదు. ఈ రికార్డులో వాటిని నేను తగ్గించలేదు. మొదటి రెండిటికంటే ఎక్కువ వాయించాను. గోల ఎక్కువైందని మావాళ్ళు తిట్టారు కూడా. మీ స్పీకర్లు ఒకసారి చూపించుకుంటారా?" ఇదీ ఉత్తరం.

"అబద్ధం చెప్తున్నాడు," అన్నాడు మావయ్య.

అలా అన్నాడు గానీ, వచ్చిన మొదటి గురువారమే కారు వేసుకుని జెద్దా వెళ్ళి కొత్త స్పీకర్లు తెచ్చాడు. వైర్లు తగిలించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి మొదటి పాట పెట్టాడు.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ పాత స్పీకర్లలో కూడా నాకు పళ్ళేలు వినిపిస్తూనే ఉండేవి. ఆయన లేవన్నాడు కాబట్టి, నేను వింటున్నది ఆయన వెతుకుతున్న మోత కాదేమో అనుకున్నాను. నా చెవుల కంటే ఆయన చెవుల మీదే నాకు నమ్మకం ఎక్కువ. కొత్త స్పీకర్లు ఆ అనుమానానికి చోటు లేకుండా చేశాయి. రేకుల కప్పు మీద వాన కురిసినట్టు గది నిండా ఇత్తడి మోత.

"చూశావా? అదే దుప్పటి," అన్నాడు మావయ్య.

ఆయన సీడీ మార్చి మొదటి రికార్డు పెట్టాడు. రెండు నిమిషాలు విన్నాడు. మొహం చిన్నబోయింది.

"ఇదీ పాడైంది. బాగా అరిగిపోయినట్టుందిరా సీడీ."

"సీడీ అరగదు మావయ్యా."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా లేచి ప్లేయరు కట్టేశాడు. వంటింటి గుమ్మంలో అత్తయ్య నించుని ఉంది. ఆమె నన్ను చూసిన చూపులో ఆశ్చర్యమేమీ లేదు.

ఆయన దుకాణానికి వెళ్ళాక అత్తయ్య చెప్పింది. "రెండేళ్ళ నుంచీ ఇంతే నాన్నా. ఎడం పక్క నుంచి పిలిస్తే పలకరు. కుక్కరు విజిలు వేస్తుంటే పక్కనే కూచుని పేపరు చదువుకుంటారు. మా హాస్పిటల్‌కి రండి, చూపిద్దాం అంటే ఒప్పుకోరు. ఇఖామా రెన్యువల్ ముందు తెలిస్తే ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తారని భయం." ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిటు.

కారణం వెతకాల్సిన పని లేదు. ఆయన పని ఎక్కువగా కంప్రెసర్ హౌసులో. అక్కడ పక్క మనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. చెవుల్లో పెట్టుకోవడానికి కంపెనీ పసుపు రంగు స్పాంజి బిరడాలు ఇస్తుంది. మావయ్య వాటిని కవరు చించకుండా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. "చెవులు మూసుకుని మిషను దగ్గరికెళ్తే అదేం చెప్తుందో నాకెలా తెలుస్తుంది?" అనేవాడు. బేరింగు ఎప్పుడు పోతుందో మీటరు కంటే ముందు ఆయన చెప్పేవాడని, పెద్ద పెద్ద ఇంజినీర్లు కూడా ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళి మిషన్ల పక్కన నించోబెట్టేవారని ప్లాంటులో చెప్పుకునేవారు. చెవులకు గట్టి పేరున్నన్నాళ్ళూ, బిరడా పెట్టుకోమని ఆయనకు గట్టిగా చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఆ సాయంత్రం ఆయన్ను నిలదీశాను. ఏటా మెడికల్‌లో చేసే చెవుల పరీక్షలో ఎలా నెగ్గుకొస్తున్నావని అడిగాను. ఆయన దాచలేదు.

"గదిలో కూచోబెడతారు కదా, ఎదురుగా అద్దం ఉంటుంది. అవతల బటన్ నొక్కే ఆయన మోచెయ్యి కదులుద్ది. కదిలినప్పుడల్లా శబ్దం వినపడ్డట్టు నేను చెయ్యెత్తుతాను."

ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

"పాట వినపడకపోతే పోయింది మావయ్యా. అక్కడ సైరన్ మోగితే ఏం చేస్తావ్?"

"సైరన్ది లావు గొంతు. వినపడుద్ది."

"సన్న గొంతువి?"

"నీ పని నువ్వు చూసుకోరా."

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్నం వడ్డించమన్నా, కారు తాళాలు కావాలన్నా మధ్యలో అత్తయ్య ఉండాలి. నెల రోజులకు నాకు అల్ ఖోబర్‌లో ఇప్పుడున్న ఉద్యోగం వచ్చింది. బస్సెక్కించడానికి వచ్చి, నా పెట్టె లోపల పెట్టి, "ఫోన్ చెయ్యి," అని మాత్రం అన్నాడు. నేను రెండు నెలలు చెయ్యలేదు. అంత పంతం దేనికో ఇప్పుడు నాకే తెలియదు.

చివరికి ఫోను అవతలి నుంచే వచ్చింది. మావయ్యతో పని చేసే కడప ఫిట్టరు చేశాడు. మావయ్య ఆయన్ను భాయ్ అని పిలిచేవాడు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

"ఏమబ్బా, మీ మామకు సెప్పేవాళ్ళు ఎవురూ ల్యారా?" అన్నాడు. "రొమ్ము మింద గ్యాస్ మీటరు కీసుకీసుమని అరుస్తాంటే మనిసి వంగి పని జేస్కుంటానే ఉండాడు. ఆన్నుంచి సొక్కా పట్టుకోని ఈడ్సుకోనొస్తిని. ఇంగ రెండు నిమిషాలు ఉండింటే ఏమయ్యేదో ఆ దేవునికే తెలుసు."

విషవాయువు కారితే హెచ్చరించడానికి అక్కడ పనిచేసే ప్రతి మనిషీ ఛాతీకి తగిలించుకునే చిన్న మీటరు అది. దానిది సన్న గొంతు.

వెంటనే మావయ్యకు ఫోను చేశాను. ఎత్తలేదు. మర్నాడు అత్తయ్య చెప్పింది, ఆయన తనంతట తానే కంపెనీ క్లినిక్‌కు వెళ్ళాడని. పరీక్ష గదిలో కూర్చున్నాక, బటన్ నొక్కే టెక్నీషియన్‌తో, "మీరు ఆ గోడ వైపు తిరిగి నొక్కండి. నాకు మీ చెయ్యి కనపడుతోంది," అన్నాడట. ఆ టెక్నీషియను ఫిలిప్పీన్స్ మనిషి. ఆయనే అత్తయ్యకు ఈ సంగతి చెప్పాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన మోచెయ్యి గురించి ఎవరూ అలా చెప్పలేదన్నాడట.

ఆ పరీక్ష కాగితం తర్వాత నేను చూశాను. మామూలు మనుషులకు అడ్డంగా సాగాల్సిన గీత సగం దాకా వచ్చి కిందికి జారిపోయి ఉంది. లావు శబ్దాలు వినపడతాయి. సన్నవి ఏ కాస్తో తప్ప అందవు.

భయపడినట్టు ఎగ్జిట్ కొట్టలేదు. ఫోర్‌మన్ అడ్డుపడి పనిముట్లు ఇచ్చే స్టోరుకు మార్పించాడు. కిటికీ వెనక ఒక స్టూలు, స్పానర్లు తగిలించిన చెక్క. ఇంజినీర్లు ఆయన్ను మిషన్ల దగ్గరికి పిలవడం మానేశారు. ఆయన దాని గురించి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నేను మాత్రం అంటాను. ఇన్నేళ్ళు ఆ మనిషి చెవులు వాడుకుని చివరికి స్టూలు ఒకటి ఇచ్చారు. ఆయన మొండితనం ఆయనదే, కాదనను. ఆ మొండితనం వల్ల పని తేలికైన వాళ్ళెవరూ ఆయన్ను ఆపలేదు.

చెవిలో పెట్టుకునే మిషను ఇప్పించింది అత్తయ్య. అది పెట్టుకున్న మొదటి రోజు మావయ్య నాకు ఫోను చేశాడు. నాలుగు నెలల తర్వాత మాట్లాడుకోవడం అదే మొదలు. క్షమించమని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

"అల్లుడూ, ఇది పెట్టుకుంటే అన్ని బ్యాండ్లూ మారిపోయినియ్యిరా. మొదటి రికార్డులు కూడా. అందరూ రేకు డబ్బాలో కూచుని పాడుతున్నారు."

"అలవాటవుతుంది మావయ్యా."

"అలవాటైతే అవుద్ది. అప్పటికి నాకు పాతది ఎలా ఉండేదో గుర్తుండదు కదా."

ఆ తర్వాత వచ్చిన ఈద్ సెలవులకు యాన్బు వెళ్ళాను. బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క రికార్డూ పెట్టించాడు. చెవులు తగ్గిన ఆ రెండేళ్ళలో తను రాసిన తీర్పుల్లో పళ్ళేల గురించి, సన్న శబ్దాల గురించి ఎక్కడెక్కడ తిట్టాడో అక్కడ ఆపి, "ఉన్నాయా లేవా, నిజం చెప్పు. నా మొహం చూసి చెప్పకు," అనేవాడు. ఉన్నాయంటే ఆ వాక్యం స్కేలు పెట్టి కొట్టేసేవాడు. నాలుగు రోజులు పట్టింది. కిటికీ బ్యాండు పేజీలో సగం కొట్టేశాడు. నసుగుడు బ్యాండు గాయకుడి మీద రాసింది మాత్రం ఉంచాడు. "వాడికి పొగరే. దానికీ నా చెవులకీ సంబంధం లేదు."

నాలుగో రోజు రేవోళ్ళకు ఉత్తరం రాయమన్నాడు. చాలా చిన్నది. "పళ్ళేలు ఉన్నాయి. తప్పు నాది, నా చెవులు పాడైనాయి. డ్రమ్ములాయనకు చెప్పండి. వయొలిన్ల గురించి నేనన్న మాటలో మార్పు లేదు." ఈసారి నేనేమీ మెత్తబరచలేదు.

దానికి జవాబు రాలేదు. స్టోరు నుంచి రాగానే కంప్యూటర్ పెట్టి చూసేవాడని, మూడు నెలలు చూశాడని అత్తయ్య చెప్పింది. నేను వాళ్ళకు ఇంకొకసారి రాద్దామని అనుకుని వాయిదా వేశాను. ఏదో తీరిక లేని పని. అదేమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ వాయిదా మీద నాకు వస్తున్నంత కోపం ఆ బ్యాండు మీద కూడా రావడం లేదు.

చివరి శుక్రవారం మేము పోట్లాడుకున్నది వాళ్ళ నాలుగో రికార్డు గురించి. మళ్ళీ వయొలిన్లు పెట్టారని ఆయన కోపం. అవి ఈసారి పాటలో కలిసిపోయాయని నా వాదన. ఆయన ఎంత వినగలుగుతున్నాడో, ఎంత ఊహించుకుంటున్నాడో నాకు ఎప్పటికీ తేలలేదు. ఒక్కోసారి, నీకు వినపడటం లేదు కాబట్టి అలా అంటున్నావ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. అనలేదు. అనకపోవడం వల్ల వాదన ఎప్పుడూ సగంలోనే ఆగేది, అదొక చికాకు. మూడోసారి విన్నాక నేను సిద్ధం చేసుకున్న జవాబు ఇది: ఐదో పాట దగ్గర నువ్వన్నది నిజం మావయ్యా, మిగతా తొమ్మిదిటి దగ్గర కాదు. ఐదో పాటలో ఆ వయొలిన్లు నిజంగానే అక్కర్లేదు. చెడిపోయిన చెవులతో ఆయన దాన్ని ఎలా పట్టుకున్నాడో నాకు అర్థం కావడం లేదు. నేను మంచి చెవులతో మూడుసార్లు వింటే గానీ పట్టుకోలేకపోయాను.

ఆయన్ను తలుచుకుంటే స్టోరు కిటికీ గానీ, నోటుబుక్కు గానీ నాకు ముందుగా కళ్ళ ముందుకు రావు. పోయినేడు ఎండాకాలంలో ముగ్గురం కొండల మీది చల్లటి ఊరు తాయిఫ్ వెళ్ళాం. కొండ రోడ్డు మీద కారు మలుపు మలుపుకూ గేరు మార్చుకుంటూ ఎక్కుతోంది. వెనక సీట్లో అత్తయ్య నిద్రపోతోంది. కారు నడుపుతున్న మావయ్య చెవి మిషను తీసి డాష్‌బోర్డు మీద పెట్టి, రేవోళ్ళ మూడో రికార్డు పెట్టమన్నాడు.

"దాన్ని ఎందుకు తీశావ్ మావయ్యా?"

"లావువి నాకు ఎలాగూ వినపడతాయి. సన్నవి నువ్వు చెప్పు. పళ్ళేలు పడ్డప్పుడల్లా నా భుజమ్మీద కొట్టు."

పాట మొదలైంది. మొదటి దెబ్బకు వేలితో ఆయన కుడి భుజం తట్టాను. మళ్ళీ, మళ్ళీ. పాట ఊపందుకునేకొద్దీ నా వేళ్ళు ఆగడం లేదు. "ఇన్నున్నాయా?" అన్నాడు ఒకసారి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. రోడ్డు పక్క పిట్టగోడ మీద కోతులు బారుగా కూర్చుని మా కారును చూస్తున్నాయి. పైనుంచి దిగిన మబ్బు అద్దం మీద తేమగా పట్టింది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. నేను తట్టిన ప్రతిసారీ, ఒక్క రవ్వ ఆలస్యంగా, తల ఊపుతున్నాడు.